కేదారగౌరీ వ్రతము: కోయిలకుంట్ల సీమ గృహిణులు

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు స్త్రీల పక్షమున నొక చరిత్ర వ్యాసము వ్రాయవలసినదని పెద్దలు నన్నాజ్ఞాపించిరి. చరిత్రయనగా మన సంచికలలో శాసనములు, సత్రములు, దాతల వంశావళులు కనుపించుచుండును. అవి యుండవలసినవే. కాని ఏటేట దీపావళి యమావాస్యనాడు మన యిండ్ల స్త్రీలు పగలెల్ల పస్తుండి, సందెవేళ ఇరువదియొక్క పోగుల తోరము చేతికి గట్టుకొను ఆచారమునకును చరిత్ర కలదు. నా పుట్టినిల్లు కడప జిల్లా, మెట్టినిల్లు కోయిలకుంట్ల. వృత్తిచే ఉపాధ్యాయినిని. పదునాఱేండ్లుగా ఈ నోము నోచుచున్నదానను. కావున పండితురాలనుగాకున్నను సాహసించి వ్రాయుచున్నాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురుగాక.

కోయిలకుంట్ల పేరు వినగానే చదువరులకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1846 జూలైలో ఆయన ఈ యూరి ఖజానాపై బడుటయు, 1847 ఫిబ్రవరి 22న ఈ యూరనే ఉరితీయబడుటయు అందఱెఱిగినవే. ఆ చరిత్ర వ్రాయువారు పెక్కండ్రు కలరు. నాకు కావలసినది మఱొకటి. 1800లో నిజాము ఆంగ్లేయుల కిచ్చివేసిన దత్తమండలములలోని ఈ తాలూకా 1858 వఱకు కడప జిల్లాలో నుండి, ఆ యేట కర్నూలు జిల్లాలో జేరినది. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లాకు వచ్చినది. అందుచే మా వీథిలో సగము ఇండ్ల చుట్టరికములు జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల వైపును, సగము ఇండ్లవి నంద్యాల, బనగానపల్లెల వైపును సాగియున్నవి. కోడండ్రతో బాటు నోములును ఆ రెండు దిక్కులనుండియు వచ్చినవి.

మా సీమలో ‘నోమున్న ఇండ్లు’, ‘నోము లేని ఇండ్లు’ అని రెండు విధములు. ఈ నోము తల్లినుండి కూతునకు రాదు. అత్తనుండి కోడలికి వచ్చును. అన్నదమ్ములు వేఱుపడినపుడు భూములు, పాత్రసామానులతో బాటు నోమును గూడ పంచుకొందురు. ఏ కారణముచేతనైన నడుమ నిలిచిపోయినచో, నోమున్న మఱియొక ఇంటివారితో గూడి మరల ఎత్తుకొనవలయును. అమావాస్యనాడు ఉదయముననే తలంటుకొని, మడితో వంట సాగింతురు. అరిసెలు, బూరెలు, తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, అరటిపండ్లు – అన్నియు ఇరువదియొక్కటి చొప్పుననే. ప్రదోషకాలమున కలశము నిలిపి, కథ చెప్పుకొని, పాత తోరము విప్పి క్రొత్త తోరము కట్టుకొందురు. అంతవఱకు నోటిలో నీళ్ళు తప్ప మఱేమియు వేయరు. నోమిన అరిసెలు ఇంటివారు తప్ప ఇతరులు తినరాదని కొన్ని ఇండ్ల కట్టుబాటు. కొందఱు దీనినే కార్తీక పూర్ణిమనాడు నోచుదురు. అరవదేశమున ఇరువదియొక్క దినములు నోచి అమావాస్యతో ముగించువారు కలరు. పెక్కు ఇండ్లలో భార్యాభర్తలిద్దఱును పీటలపై గూర్చుండి, ఆమె ఎడమచేతికిని, ఆయన కుడిచేతికిని తోరములు కట్టుకొందురు. ఈ మాట చదువరులు గుర్తుంచుకొనగోరుచున్నాను.

ఆశ్వయుజ బహుళపక్షము స్త్రీల ఉపవాసములకు పెట్టినది పేరు. తదియనాడు కోస్తా జిల్లాలవారి అట్లతద్ది. మా వైపు అది అంతగా లేదు. మఱునాడు చవితికి ఉత్తరదేశపు స్త్రీల కర్వాచౌత్. పక్షాంతమున మన కేదారగౌరి. మొదటి రెండు పండుగల కథలు అక్కచెల్లెండ్రవలె నుండును. ఉపవాసమున సొమ్మసిల్లిన చెల్లెలిని జూచి అన్నలు జాలిపడి, చెట్టుచాటున అద్దమో దీపమో చూపి, చంద్రోదయమైనదని నమ్మింతురు. ఆమె వేళకు ముందే భుజించును. ఫలితముగా అట్లతద్ది కథలో ఆమెకు ముసలి మగడు దొరకును. కర్వాచౌత్ కథలో మగడు చనిపోవును. ఈ రెండు శిక్షలును కల్పనలని నేననుకొనను. ఎనిమిదేండ్ల బాలికను అరువదేండ్ల వానికిచ్చు కాలమున, ఆడుబిడ్డకు నిజముగా సంభవించు రెండు ఆపదలు అవియే. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్క నాటకము వ్రాసినది ఆ యాపదను గూర్చియే గదా. 1929లో శారదా చట్టము పుట్టి, 1930 ఏప్రిలు 1 నుండి పదునాలుగేండ్లకు లోపు బాలికల వివాహమును నేరముగా జేసినది. 1978లో ఆ వయస్సు పదునెనిమిదికి పెరిగినది. ఆ భయము తగ్గినను కథలు మిగిలినవి. ఇప్పుడు మన పిల్లలు కొందఱు సినిమాలు చూచి, జల్లెడలోనుండి చంద్రుని జూచు పండుగను పట్టణములలో నేర్చుకొనుచున్నారు. నేర్చుకొనుటకు నేనడ్డు చెప్పను. తమ యింటి నోము కథ ఏమో తెలియకుండ పొరుగువారి కథను తెచ్చుకొనుటయే నాకు కొంచెము కష్టముగా దోచును.

ఏలయన, మన కేదారగౌరీ కథ ఆ రెండింటికిని భిన్నమైనది. భృంగి యను భక్తుడు శివునకు మాత్రమే ప్రదక్షిణము చేయ నిశ్చయించి, ప్రక్కనున్న దేవిని విడిచిపెట్టెను. దేవి అవమానము సహింపజాలక కైలాసమును వదలి గౌతమమహర్షి యాశ్రమమునకు వచ్చినది. మహర్షి చెప్పిన విధమున వ్రతము సలిపి, శివుని శరీరమున సగము భాగము పొందినది. ఈ కథలో ఉపవాసము భర్త యాయుర్దాయము కొఱకు గాదు. శివునకు ఆయుర్దాయపు కొఱత లేదు. తనకు జరిగిన అమర్యాద తీరుటకును, తనకు రావలసిన సగము తాను పొందుటకును ఆమె పస్తుండెను. మనుస్మృతి ఐదవ యధ్యాయము స్త్రీకి భర్తతో సంబంధము లేని యజ్ఞముగాని, వ్రతముగాని, ఉపవాసముగాని లేదని శాసించుచున్నది. గౌరీదేవి శివుని సెలవు తీసికొని కైలాసము దిగినదని మాత్రము మా యిండ్లలో ఎవరును చెప్పగా నేను వినలేదు!

అదే పుస్తకమున దేవి కథ వెనుకనే ఉజ్జయినిలోని పుణ్యవతీ భాగ్యవతుల కథ వచ్చును. వారు దరిద్రుడైన వైశ్యుని బిడ్డలు. నోము నోచుటకు తండ్రి యనుజ్ఞ నడుగుదురు. సామగ్రి సమకూర్ప నాకు శక్తి లేదని తండ్రి దుఃఖించును. మీ యనుజ్ఞయే మాకు ధనమని చెప్పి, ఆ బాలికలు మఱ్ఱిచెట్టు క్రింద గూర్చుండి వ్రతము ముగింతురు. ఒకే పుస్తకమున, సెలవడుగక వెడలిన దేవి, సెలవడిగిన బాలికలు – ఇద్దఱును గలరు. కథలు చెప్పినవారు ఒక్క కాలమువారు గారనుటకు నాకిదియే నిదర్శనముగా దోచుచున్నది.

మా సీమవారికి ఈ దేవిని జూడవలెనన్న దూరము పోనక్కఱలేదు. బనగానపల్లెకు చేరువనున్న యాగంటిలో, విజయనగర ప్రభువుల కాలపు ఆలయమున, ఉమామహేశ్వరులు లింగరూపమున గాక ఒకే శిలయందు మూర్తులై వెలసియున్నారు. అచటి నంది పెరుగుచున్నదనియు, అగస్త్యుని శాపమున కాకులు రావనియు చెప్పుకొను మాటలు యాత్రికులకు కంఠపాఠమే. నాకు మాత్రము ఎప్పుడు పోయినను ఆ యొక్క శిలను జూచుటయే ముఖ్యము. ఒకరికి ప్రదక్షిణము చేసి మఱొకరిని విడువ నిచట భృంగికిని సాధ్యము గాదు.

ఇక ఆకలి మాట. పస్తును గూర్చి వ్రాయుచు కరవును విడిచిపెట్టుట ఈ సీమలో ధర్మము గాదు. ధాత, ఈశ్వర నామ సంవత్సరములలో, అనగా 1876–78 నడుమ, వచ్చిన కరవును మా పెద్దలు ధాతకరవందురు. 1871 జనగణనకును 1881 జనగణనకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవ వంతు తగ్గినది. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైని కొన్ని కాసులును చాలునని నిర్ణయింపగా, మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ దొర ఆ తిండి కష్టపడువాని ప్రాణము నిలుపదని వాదించెను. ఒక పౌననగా సుమారు నాలుగువందల యేబది గ్రాములు. రాళ్ళు కొట్టువానికది దినమంతటి గ్రాసము! ఆ శతాబ్దపు కరవులలో గంజికేంద్రములు పెట్టించి వేలమందిని బ్రదికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారి కీర్తి నేటికిని పాటలలో నిలిచియున్నది. ఆ గంజి కాచిన చేతులవారి పేర్లు పాటల కెక్కలేదు.

ఉపవాసమనగా ఇంట నున్న అన్నమును తాను తినకుండుట. ఇంట అన్నమే లేకుండుట వేఱు. ఈ భేదము మా సీమ స్త్రీలకు ఎవరును బోధింపనక్కఱలేకపోయినది. జొన్న, కొఱ్ఱ పండు మెట్టపొలముల యిండ్లలో వరియన్నము పండుగనాటి మాట. సుంకేసులనుండి కుందూలోయగుండ కడపవఱకు సాగు కర్నూలు–కడప కాలువ 1863లో ఆరంభమై 1871లో పూర్తియైనను, దాని నీరు పాఱినంత మేరయే వరి. తక్కిన యూళ్ళలో ఇరువదియొక్క అరిసెలనగా బియ్యము, బెల్లము, నూనె – మూడును కొని తేవలసినవే. మా యత్తగారి యత్తగారు చెడ్డయేళ్ళలో అరిసెలను రూపాయికాసంత చేసి లెక్క నింపెడివారట. అంతకన్న చెడ్డయేట ఒక్క అరిసెను ఇరువదియొక్క తునుకలు చేసిరట. మా యత్తగారు చెప్పు కథలో ఉజ్జయిని బాలికలకు మఱ్ఱియాకులే తమలపాకులు, మఱ్ఱిపండ్లే బూరెలు, మఱ్ఱియూడయే తోరము. దేవుడు వానినే గ్రహించెను. కరవులు చూచినవారి నోట నిలిచిన కథ ఇట్లే యుండునని నా యభిప్రాయము. నేడు మన సంఘమునందలి సంపన్నుల యిండ్లలో వెండి తమలపాకులు, వెండి వక్కలు పెట్టి నోచు వాడుక ప్రవేశించినది. ఎవరి శక్తి వారిది. కాని ప్రక్కయింటి కోడలు దానిని జూచి తన నోము తక్కువదని బాధపడకుండ చూడవలసిన బాధ్యత ఆ సంపన్న గృహిణులపైననే కలదు.

గౌరి కోరిన సగము మానుష స్త్రీలకు దొరకుటకు మిక్కిలి కాలము పట్టినది. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టము విధవకు భర్తభాగమున జీవితకాలపు హక్కు నిచ్చినది. అది వ్యవసాయభూములకు వర్తింపదని 1941లో ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పినది. సేద్యముపై బ్రదుకు సీమలో భూమి పోగా మిగులునదేమి? 1956 నాటి వారసత్వ చట్టముచే స్త్రీ తనకు వచ్చిన యాస్తికి పూర్తి యజమానురాలైనది. మన రాష్ట్రము మఱియొక యడుగు ముందు వేసి, 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు పిత్రార్జితమున కుమారులతో సమానభాగము నిచ్చినది. కాని ఆ తేదీకి పూర్వము పెండ్లియైన కుమార్తెలను మినహాయించినది. 1985 వేసవిలో మెడలో తాళి పడిన అక్కకు భాగము లేదు. మఱుసటి వేసవిలో పెండ్లియైన చెల్లెలికి కలదు. ఆ వ్యత్యాసము 2005లో దేశమంతటికిని వచ్చిన సవరణతో గాని పోలేదు. చట్టమైతే వచ్చినది. పుట్టింటి పత్రములపై సంతకము చేసి తమ భాగము విడిచిపెట్టి, చీరయు రవికగుడ్డయు పుచ్చుకొని వచ్చు ఆడుబిడ్డలు మన సంఘమున నేటికిని ఎందఱో, సభకు వచ్చిన సోదరులే లెక్కింతురుగాక.

ఇప్పుడు నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా మామగారు పరమపదించిన యేట నోము నిలిచినది. మఱుసటి యేట బంధువుల యింటివారితో గూడి మరల ఎత్తుకొంటిమి. నలువదియొక్క యేండ్లు ఆ పీటపై గూర్చున్న మా యత్తగారు ఇక కూర్చుండరాదనియు, పూజవేళ ఎదురుపడరాదనియు చుట్టములు నిర్ణయించిరి. ఆమె ఏమియు ననలేదు. పసుపుకొమ్ములు ఇరువదియొకటి లెక్కపెట్టి నా చేతికిచ్చి, లోపలి గదిలోనికి బోయిరి. ఆమె కూడ నాడు పస్తే. నేను పుస్తకము చేతబట్టి కథ చదువ నారంభించితిని. అచ్చు పుస్తకపు భాష నాకు క్రొత్త. భాగ్యవతి తోరము త్రెంపి పాఱవేసిన ఘట్టమున తడబడితిని. తలుపు వెనుకనుండి మా యత్తగారి కంఠము వినబడినది. ఆమె ఆ చోటినుండి కథ నందుకొని తుదివఱకు చెప్పినది. పీటలపైనున్న వారమందఱమును తలుపువైపు దిరిగి వింటిమి. చుట్టములలో నెవరును మాటాడలేదు.

నాడు రాత్రి నాకు అన్నము సహింపలేదు. మఱునాడు మా పురోహితుల నడిగితిని. వారు సత్యసంధులు. పుస్తకము మొదటినుండి తుదివఱకు తిరుగవేసి, భర్త లేని స్త్రీ ఈ వ్రతము చేయరాదని ఇందులో నాకు కనుపింపలేదనియు, ఆచారము మాత్రము కలదనియు చెప్పిరి. వ్రతముల విషయమై పదుమూడవ శతాబ్దమున దేవగిరి రాజులకడ మంత్రియైన హేమాద్రి గొప్ప గ్రంథమును గూర్చెను. పిమ్మట మద్రాసులో వావిళ్ళవారు మొదలగువారు వ్రతకథలను అచ్చువేసి ఇంటింటికి చేర్చిరి. ఇన్ని పుస్తకములు వచ్చినను, పీటపై ఎవరు గూర్చుండవలెనో నిర్ణయించుచున్నది పుస్తకము గాదు, చుట్టములే. 1856లో వితంతు వివాహమునకు చట్టము వచ్చినది; 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. మరల పెండ్లియాడుటకు వీలు గల స్త్రీకి ఒక నూలుపోగు కట్టుకొనుటకు వీలు లేదట!

మరుసటి యేట నా భర్తయు నేనును గలిసి ఆమెను వేడుకొంటిమి. ఆమె మొదట ఒప్పుకొనలేదు. నా కొఱకు మీకు మాట వచ్చుననిరి. మాట వచ్చినది. ఒక చుట్టము నాటినుండి మా నోమునకు రారు. మేము మూడు పీటలు వేసితిమి. తోరములు మూడు. కథ ఆమెయే చెప్పుదురు. పుస్తకము ఇప్పుడు అలమారులో నున్నది.

ఈ ప్రస్తావన ఇచట తెచ్చుటకు కారణము కలదు. మన మహాసభలలో మహిళాసభ ముగిసినపుడు పసుపుకుంకుమల పళ్ళెము వరుసగా వచ్చును. వెనుక వరుసలో గోడనానుకొని కూర్చున్న కొందఱి దగ్గఱకు వచ్చునప్పటికి ఆ పళ్ళెము ఆగక ముందునకు బోవును. పట్టుకొన్న పిల్లకు దోషము లేదు. అట్లు పొమ్మని ఎవరో చెప్పియుందురు. ఈ సంఘమునకు చందాలిచ్చినవారిలో, వసతిగృహములోని విద్యార్థులకు జీతములు గట్టినవారిలో, ఆ వెనుక వరుసవారును గలరు. ఈ సంవత్సరము ఆ పళ్ళెము అచటను నిలువవలెనని కార్యవర్గమువారిని వినయపూర్వకముగా కోరుచున్నాను.

ఉద్యోగములు చేయు కోడండ్రు కొందఱు, ఈ చదువులు చదివి మీరింకను పస్తులేమని నన్నడుగుదురు. నాకు ఒకనాటి పస్తు కష్టము గాదు. కాని గర్భవతులును, మధుమేహమునకు మందు పుచ్చుకొనువారును మొండిపట్టుతో నీళ్ళు గూడ ముట్టకుండుట నేను చూచియున్నాను. అది శాస్త్రమునకును సమ్మతము గాదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుల కోరిక, గురువుమాట, ఔషధము – ఈ యెనిమిదియు వ్రతమును చెఱుపవని పూర్వులు స్పష్టముగా చెప్పియున్నారు. నా రెండవ కానుపు యేట నేను మూడుమాఱులు పాలు త్రాగి నోచితిని. మా యత్తగారే కాచి యిచ్చిరి.

నోమున్న ఇండ్ల గృహిణులకు నాదొక మనవి. మీ యింట కథ ఏ పాఠమున చెప్పుదురో, తోరమునకు ఎన్ని ముళ్ళో, ఏ దినమున నోచుదురో, ఏ యూరినుండి నోము వచ్చినదో, చెడ్డయేళ్ళలో ఏమి పెట్టి నోచిరో మీ యింటి పెద్దల నడిగి ఒక కాగితముపై వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపుదురేని, వచ్చు సంచికలో ఇంటిపేర్లు లేకుండ వానిని ప్రచురింప సంపాదకులు సమ్మతించియున్నారు. పెద్దలకు ఓపిక యున్న సాయంకాలములలో అడుగుడు; పండుగనాడు తీఱిక యుండదు. మా యత్తగారి పాఠమును నేను ఆదివారములందు కొంచెము కొంచెముగా వ్రాసికొనుచున్నాను. భాగ్యవతి తన కుమారుని అక్కయింటికి పంపిన ఘట్టము వఱకు వచ్చితిమి.